అది టీబీ దగ్గు కాదు

మా అత్తమ్మ మొన్న మంగళవారం పొద్దున హైదరాబాద్‌లో ఒక దవాఖానాలో పోయింది. సమాధి చేసి వచ్చినప్పటి నుంచి మెదక్‌లో కనబడిన ప్రతివాళ్లూ టీబీయేనా అని అడుగుతున్నారు. కాదు. ఆ ఒక్క మాట చెప్పాలనే ఇది రాస్తున్నాను. నాకు ఏడుపు రావడం లేదు. వంట చేస్తున్నాను, బట్టలు ఉతుకుతున్నాను, అడిగినవాళ్లకు జవాబు చెబుతున్నాను.

ఆమెకు హెచ్‌ఐవీ ఉందని మా వీధిలో అందరికీ తెలుసు. ఆమే చెప్పింది. మామయ్య పోయాక పరీక్షలో బయటపడితే, దాచుకుని కుమిలిపోవడం తన వల్ల కాదని చెప్పేసింది. నా పెళ్లిచూపులకు వచ్చిన రోజు మా అమ్మకు ముందు ఆ సంగతి చెప్పి, తర్వాతే టీ ముట్టుకుంది. రాత్రి మందు వేళకు ఇంట్లో ఎవరు కూర్చుని ఉన్నా లేచేది. "ముచ్చట ఎటు పోతది? గోళి ఏసుకొని వస్త, కూసోండ్రి" అనేది.

కొత్తగా ఈ జబ్బు బయటపడినవాళ్లు చేగుంట నుంచీ రేగోడ్ నుంచీ ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. కుట్టుమిషన్ మీద జాకెట్టు సగంలో వదిలేసి వాళ్ల వెంట దవాఖానాకు పోయేది. వాళ్లు దగ్గుతుంటే తల వంచి వినేది. ఆమె టీబీ అంటే చాలాసార్లు పరీక్షలోనూ టీబీయే తేలేది. ఆమెకూ ఒకప్పుడు వచ్చి తగ్గిన జబ్బే అది. ఎక్స్‌రే మిషన్ మా ఇంట్లోనే ఉందని మేము నవ్వేవాళ్లం. ఆ పొగడ్త ఆమెకు ఇష్టమే, ఎప్పుడూ కాదనలేదు.

అందుకే వానాకాలం పోయాక ఆమెకే దగ్గు, జ్వరం వచ్చినప్పుడు మేమెవరమూ ఇంకోలా అనుకోలేదు. "గిది నాకు ఎరికే బిడ్డా, టీబీ దగ్గే" అంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. తెమడ పరీక్షలో ఏమీ దొరకలేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు టీబీ ఉన్నా తెమడలో దొరకకపోవచ్చని, ఆలస్యం మంచిది కాదని ఇక్కడి డాక్టర్లు టీబీ మందులు మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఆ రోజే తన కంచం, గ్లాసు, దుప్పటి వేరు పెట్టుకుని ముందుగదిలోకి మారింది. ఆదివారం చర్చికి పోవడం మానేసింది. నా కూతురికి నాలుగేళ్లు. నానమ్మ బొటనవేలు పట్టుకుంటే తప్ప నిద్రపోని పిల్ల. దాన్ని గడప దాటనివ్వలేదు. పిల్ల ఏడిస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "లోపలికి తీస్కపో" అనేది నాతో. ఆమె చెప్పినట్టే చేశాం.

వారాలు గడిచినా జ్వరం దిగలేదు. హైదరాబాద్ తీసుకెళ్లాం. అక్కడ ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి తీసిన నీటిని ల్యాబ్‌లో ఉంచి చూస్తే టీబీ లేదు, మట్టిలో ఉండే వేరే బ్యాక్టీరియా పెరిగింది. నొకార్డియా అట. దానికి మందు ఉంది, మార్చారు కూడా. అప్పటికే రెండు ఊపిరితిత్తులూ నిండిపోయాయి. ఇది మనిషి నుంచి మనిషికి అంటేది కాదని డాక్టరమ్మ చెప్పింది. నేను తలూపాను.

నిన్న కూడా ఒకామె అత్తమ్మను వెతుక్కుంటూ వచ్చింది, దగ్గుతూ. టీబీ మందులు వేసుకున్నా జ్వరం తగ్గకపోతే ఊరుకోవద్దని, ఇంకో పరీక్ష అడగమని చెప్పి పంపాను.

హైదరాబాద్‌లో ఆ రోజు డాక్టరమ్మ దగ్గర నుంచి నేరుగా ఆమె మంచం దగ్గరికి పోయాను. "అత్తమ్మా, నీది టీబీ కాదట. ఎవ్వరికీ అంటదట. రేపు పిల్లను తోల్కొస్త" అన్నాను. కళ్లు తెరిచింది. విన్నావా అని అడిగితే తలూపింది. ఎన్ని వారాలైందో ఆమెను ముట్టుకుని. వంగి, ఆక్సిజన్ మాస్కు పక్కన ఆమె చెంపకు నా చెంప ఆనించబోయాను. ఆమె ముఖం అవతలికి తిప్పుకుంది. సూది గుచ్చి ఉన్న చేయి లేపి, అరచేత్తో నన్ను మెల్లగా వెనక్కి నెట్టింది.