డాక్టరమ్మ దగ్గర దాచిన దెబ్బ

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, నేను మన తిరువూరు పిల్లనే, దేశం తరఫున మహిళల రగ్బీ ఆడినదాన్ని, కానీ ఆడే చివరి రోజుల్లో తలనొప్పితో వెలుగు చూడలేక, నిన్న తిన్నదేమిటో గుర్తురాక చీకట్లో పడిపోయాను!

మా ఆటలో తలకు దెబ్బ తగిలితే డాక్టరు కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమంటారు, చెప్పలేకపోతే ఆట ఆపేయాల్సిందే. సండే స్కూల్లో కంఠత వాక్యాలు ఒప్పజెప్పి బహుమతులు కొట్టేసిన నోరు కదా నాది, అడిగే మాటల జాబితాలు కొన్నే ఉంటాయి, అవన్నీ ముందే బట్టీ పట్టేశాను! తల తిరుగుతున్నా గడగడా అప్పజెప్పి, మా జట్టు డాక్టరమ్మ మెచ్చుకుంటే మళ్లీ మైదానంలోకి పరుగెత్తాను, అదీ మూడుసార్లు! ఎంత తెలివితక్కువదాన్నండీ!

సెలవుకు వచ్చి తిరువూరు బస్టాండులో దిగితే మా వీధికి ఎటు వెళ్లాలో తోచలేదు, నిలబడి ఏడ్చాను. వచ్చే నెల టోర్నమెంటుకు నేనే కెప్టెన్ని, నోరు విప్పితే అది పోతుంది. అందుకే ఇంట్లో కూడా చెప్పలేదు. వినగడప చేలల్లో పత్తి తీసి నన్ను పెంచిన మా అమ్మ ఆదివారం ఆరాధనలో నా పక్కనే మోకరించి, "ప్రభువా, నా సునీత ఏదో దాస్తోందయ్యా! నాకు చెప్పకపోతే మానె, దాని నోరు విప్పించు తండ్రీ!" అంది.

నా గుండె కరిగిపోయింది! బయటికి రాగానే డాక్టరమ్మకు ఫోన్ చేసి, "మేడమ్, మిమ్మల్ని మోసం చేశానండి" అన్నాను. ఆమె చెడామడా తిట్టింది, స్కానింగ్ చూశాక మెల్లగా, "ఇంకొక్క దెబ్బ తగిలితే దక్కేదానివి కాదమ్మా" అంది. ఆ రోజుతో నా ఆట ముగిసింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు, దేవుడి మీద అలిగాను కూడా.

కానీ సహోదరులారా, నెలల తరబడి విశ్రాంతి, వైద్యం, సంఘమంతా చేసిన ప్రార్థన! ఒక ఉదయం నేనొక్కదాన్నే విస్సన్నపేట బస్సెక్కి, దారి ఎవరినీ అడక్కుండా మా పిన్ని ఇంటి తలుపు కొట్టాను! పిన్ని నన్ను చూసి వేసిన కేకకు వీధంతా బయటికొచ్చింది, స్తోత్రం!

దేన్నయినా దాచుకుని కుమిలిపోతున్నారా? ఇవాళే ప్రభువుకు చెప్పండి, తరువాత చెప్పాల్సిన మనిషికీ చెప్పండి, ఆయన తోడుంటాడు. చెబితే ఆట పోతుందని భయపడ్డాను, నిజంగానే పోయింది! అయితేనేం, ఈ వేళ ఇక్కడ కూర్చున్న మీలో ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలవగలను, దేవునికే మహిమ!