పెద్దమ్మ నోరు జారిన రోజు

ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. చెవిన పెట్టుకోగానే ముందు వినబడింది గొంతు కాదు, దాని వెనకాల హోరు. పదిమంది ఆడపిల్లలు ఒకే గదిలో కూర్చుని ఒకే మాట అప్పజెబుతున్న హోరు. ఆ తర్వాత తేనె పూసినట్టు, "అక్కా, బాగున్నారా? మీ పేరు మీద ఒక హెల్త్ కార్డు వచ్చిందక్కా" అంది ఎవరో అమ్మాయి. ఫోన్ పెట్టేసి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. వెనకున్నాయన "జర జరుగమ్మా" అని విసుక్కున్నాడు. ఇన్నేళ్లయినా అలాంటి గొంతు వింటే నాకు అనసూయ పెద్దమ్మ గుర్తొస్తుంది, ఆ మధ్యాహ్నం ఆమె ముఖం పాలిపోవడం గుర్తొస్తుంది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం తణుకు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పుడు నేనున్న లేడీస్ హాస్టల్ ఆమెది. వాళ్లది పెద్ద అంబర్‌పేట్ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. కొంత భూమి అమ్మి ఇక్కడ మూడంతస్తుల ఇల్లు కట్టారు, భర్త పోయాక ఆమె దాన్ని హాస్టల్ చేసింది. మొదటిరోజు నేను అందరిలాగే ఆంటీ అన్నాను. "ఆంటీ ఏందే? ఎవలికి పడితె వాళ్లకు ఆంటీనా నేను? పెద్దమ్మ అను" అని కసిరింది. ఆ పిలుపుకి ఆమె ఇట్టే కరిగిపోతుందని హాస్టల్లో అందరికీ తెలుసు. ఇంకో చపాతీ కావాలన్నా, ఆలస్యమైతే గేటు తీయించుకోవాలన్నా, పెద్దమ్మా అంటే చాలు.

హాస్టల్ నంబరు వీధిలోని బోర్డు మీద ఉండేది కాబట్టి, ఊళ్లో ఏదో ఒకటి అమ్మేవాళ్లందరూ మాకే ఫోన్ చేసేవారు. ముందుగదిలో వెలుతురు బాగుంటుందని నేను అక్కడే చదువుకునేదాన్ని, ఆమె గలాటా అంతా వినేదాన్ని. "మేడమ్, మీ హాస్టల్లో ఎంతమంది అమ్మాయిలున్నారు? పేర్లు చెబితే ఫ్రీ డెమో క్లాసు ఇస్తాం" అని ఎవరైనా అడిగితే చాలు, "నువ్వెవలు బిడ్డా? ఏ ఊరు మీది? మీ నాయన ఏం జేస్తడు? పెండ్లయిందా?" అని ఈమె అందుకునేది. అవతలివాడు కాసేపు నీళ్లు నమిలి తనే పెట్టేసేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని. ఆమె మాత్రం నవ్వేది కాదు. "అడిగినోనికల్ల పంచనీకి పిల్లల పేర్లేమన్న పరసాదమా?" అనేది.

శైలజ వచ్చాక ఆ కాపలా ఇంకా గట్టిపడింది. నల్లగొండ వైపు పిల్ల, ఒక్క సంచితో వచ్చింది. మెడ కింద కాలిన మచ్చ. మొగుడు పెట్టిన వాత. ఎల్బీ నగర్‌లో ఒక కంటి ఆసుపత్రిలో పని దొరికింది. వాడు తన కోసం వెతుకుతున్నాడనీ, కనబడితే చంపేస్తానని తన పుట్టింటికి వచ్చి అమ్మతోనే అన్నాడనీ శైలజ మా ఇద్దరికే చెప్పింది. పెద్దమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఎవలు ఫోన్ చేసి ఎవల్ని అడిగినా, ఉన్నదనొద్దు, లేదనొద్దు. తెల్వదను, అంతే."

"నిజంగా లేనివాళ్లని లేరంటే ఏమవుతుంది పెద్దమ్మా?"

"ఒకామెను లేదంటవు, ఇంకొకామెను తెల్వదంటవు. తెల్వదన్నామె ఉన్నట్టే గదనే!"

అంత దూరం నేను ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే నాకు నవ్వు రావడం మానేసింది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాం. ఫోన్ మోగితే పెద్దమ్మ స్పీకరు పెట్టింది. "పెద్దమ్మా, మంచిగున్నవా? మాది గూడ పెద్ద అంబర్‌పేట దిక్కే" అంది ఒక ఆడగొంతు. హెల్త్ కార్డుల కంపెనీ నుంచట. పెద్దమ్మ అలవాటు ప్రకారం ఊరూ పేరూ తండ్రీ తాతా అడిగింది. ఆ పిల్ల తడుముకోలేదు. రింగురోడ్డు కింద పోయిన భూముల సంగతి, బోనాల సంగతి గడగడా చెప్పింది. మాటమాటకీ పెద్దమ్మా అంటూనే ఉంది. ఈమె ముఖం విచ్చుకుంది.

"దిక్కులేని పిల్లలుంటే చెప్పు పెద్దమ్మా, ముందుగాల వాళ్లకే కార్డు ఇప్పిస్త."

"అట్లనా బిడ్డా! ఒక పిల్లున్నది. గా ఎల్బీ నగర్ల కంటి దవాఖానల చేస్తది. పాపం, దానికెవ్వరు లేరు."

"అయ్యో! డ్యూటీ ఎప్పుడు దిగుతది పెద్దమ్మా?"

"ఆరింటికి."

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. "మంచిది పెద్దమ్మా, శైలజక్కను నేనే కలుస్త" అంది ఆ గొంతు. ఫోన్ కట్టయింది.

పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నేను పేరు చెప్పిన్నా?" అంది.

"లేదు పెద్దమ్మా."

నాకు ముందు ఆమె పరువు కాపాడాలనిపించింది. "శైలజకి చెప్పొద్దు, హడలిపోతుంది. మనమే వెళ్లి మెల్లగా తీసుకొచ్చేద్దాం" అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవే! మనం పోయేదాంక అదేం తెల్వక బయటికొస్తే? నా నోట్లకెల్లి పోయింది. నేనే చెప్పాలె."

శైలజ నంబరు నేనే నొక్కి ఇచ్చాను. "బిడ్డా, నువ్వు చేసే జాగ మీ ఆయన మనుషులకు చెప్పేసిన. నేనే చెప్పిన, మోసపోయి చెప్పిన. నన్ను తర్వాత తిట్టు. బయట కాలు పెట్టకు, మీ డాక్టరమ్మకు చెప్పు." అటువైపు నుంచి సన్నగా "సరే పెద్దమ్మ" అని మాత్రం వచ్చింది.

పోలీసులకు నేను ఫోన్ చేశాను. కొత్తపేట దగ్గర ఆటో ఆగిపోతే, మోకాళ్ల నొప్పులతో దిగి నడుస్తానని ఆమె గొడవ. "థూ, నా బుద్ధి గడ్డి తిన్నది" అని దారి పొడవునా తనను తనే తిట్టుకుంది. మేం చేరేసరికి ఆసుపత్రి ఎదుట చాయ్ బండి దగ్గర పోలీసులు ఒకణ్ణి పట్టుకుని ఉన్నారు. శైలజ మొగుడే. వాడి చేతిలో నీళ్ల సీసా ఉంది. మూత తీస్తే పెట్రోలు వాసన గుప్పుమంది. లోపల మందుల గదిలో శైలజ డాక్టరు చెయ్యి పట్టుకుని కూర్చుంది. "రోజూ డ్యూటీ మధ్యల గా బండి కాడికే చాయ్‌కి పోతా అక్కా" అంది నాతో. ఫోన్ చేసింది వాడి చెల్లెలు. నెల నుంచీ హాస్టళ్లన్నిటికీ ఇదే కథ చెబుతోందట. మా వీధి ఇస్త్రీ బండివాణ్ణి మాటల్లో పెట్టి పెద్దమ్మ ఊరు కనుక్కుందట. శైలజ నల్లగొండలోనూ కంటి ఆసుపత్రిలోనే చేసేది కాబట్టి ఆ మాట వినగానే పోల్చుకుందట.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దమ్మ అందరి ముందూ నిలబడింది. "నన్ను బోల్తా కొట్టించిన్రు. పెద్దమ్మా అంటే పొంగిపోయిన. మీరు గూడ ఎవలికన్న ఏమన్న చెప్పి దాసుకుంటే ఇప్పుడే చెప్పున్రి. నేను తిట్టను. తిట్టనీకి నాకే మొఖం లేదు." మేడ మీది గది పిల్ల ఒకతి భోరుమంది. ఉద్యోగం పేరుతో ఫోన్ చేసినవాడికి ఆధార్, ఫొటో పంపిందట. వాడిప్పుడు ఆ ఫొటో మార్చి బెదిరిస్తున్నాడట. ఇంట్లో చంపేస్తారని లోలోపలే కుళ్లిపోతోందట. మర్నాడు పెద్దమ్మే ఆ పిల్లను పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లింది. అంతకుముందు పెద్దమ్మను చూసి నవ్వుకున్నాను, భయపడ్డాను. ప్రేమించింది మాత్రం ఆ రాత్రి నుంచే.

శైలజ వారం తిరక్కుండా వేరేచోటికి వెళ్లిపోయింది. ఆటో ఎక్కుతూ ఎక్కడికో చెప్పబోతే పెద్దమ్మ చెవులు మూసుకుంది. "నాకు చెప్పకు బిడ్డా. నా నోటి మీద నాకే నమ్మకం పోయింది."

"నువ్వు నాకు చెప్పవట్టే గద పెద్దమ్మ నేను బతికిన" అని శైలజ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. అంత గట్టి మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది.

పెద్దమ్మ పోయి కొన్నేళ్లయింది. నేనిప్పుడు బ్యాంకులో చేస్తున్నాను, మీర్‌పేట్‌లో ఉంటున్నాం. జాగ్రత్తలు అందరం చెబుతాం, నేనూ కౌంటర్ దగ్గర రోజూ చెబుతూనే ఉంటాను. కానీ మోసపోయినవాళ్లు సిగ్గుతో నోరు విప్పని ఆ కాస్త వ్యవధిలోనే అసలు నష్టం జరిగిపోతుందని నాకు తెలిసింది ఆమె వల్లే.

మా మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. తప్పు చేశానని ఆయన నోట ఎవరూ విన్నది లేదు. మొన్న వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డారు. "అమ్మాయ్, ఎవడో ఫోన్ చేస్తే బ్యాంకు కార్డు వెనకున్న నంబరు చెప్పేశాను. నీకు చెప్పకూడదనుకున్నాను" అన్నారు. లోపలి నుంచి మా ఆయన "ఎన్నిసార్లు చెప్పాను నాన్నా!" అని అరవబోతే చెయ్యెత్తి ఆపాను. పొయ్యి కట్టేసి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కార్డు ఆపించాను.

"తిట్టవా?" అన్నారు.

"మీరొచ్చి చెప్పారు కదా మావయ్యగారూ" అన్నాను. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, పెద్దమ్మ సంగతి మొదలుపెట్టాను.