పాచి అనుకున్న స్ఫటికాలు

మొన్న ఆయుధపూజనాడు మా కోడలు తన లాప్‌టాప్‌కి పసుపు రాసి బొట్టు పెడుతుంటే, చూడలేక లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. పండగ చాదస్తమంతా నాదే కాబట్టి ఆ పిల్ల బిత్తరపోయింది.

రెండువేల పదమూడో పద్నాలుగో, సరిగ్గా గుర్తులేదు, శ్రీకాకుళంలో ఒక పీజీ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతూ లాబొరేటరీ బాధ్యత కూడా చూసేదాన్ని. నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, సముద్రం మీద వేటకెళ్లే ఇంటి పిల్ల, రాగితో సంక్లిష్ట సమ్మేళనాలు తయారుచేసేది. రాగి అయాను చుట్టూ దాన్ని అంటిపెట్టుకునే అణువులు, అంటే లైగాండ్లు, ఏ తీరున అమరాయో ఎక్స్‌రేలో తేలాలంటే మచ్చలేని స్ఫటికం ఒక్కటైనా కావాలి. అందుకోసం చిన్న బీకరులో ద్రావణం పోసి, సూదితో పొడిచిన వడపోత కాగితం కప్పి, కిటికీ పక్క అలమరలో నాలుగు నెలలు కదపకుండా కాపలా కాసింది. ఫెలోషిప్ గడువు ముగిసిపోతున్న వేళ అడుగున ముదురాకుపచ్చ స్ఫటికాలు కనిపించాయి.

దసరాకి గాజుసామానంతా కడిగి బొట్టు పెట్టడం మా లాబు ఆనవాయితీ. మా ఆయాకి చదువు రాదు, లేబుళ్లన్నీ ఇంగ్లీషు, అందుకని ఏటా పక్కన నిలబడి ముట్టకూడనివి వేలుపెట్టి చూపించేదాన్ని. ఆ ఏడు మాత్రం చీరల కొట్టుకెళ్లే తొందరలో, అన్నీ కడిగెయ్యమని గుమ్మంలోంచే చెప్పి పోయాను. ఆవిడ పాపం, ఆకుపచ్చగా పాచి పట్టిందనుకుని ఆ బీకరుని పీచుపెట్టి మరీ తోమి, బొట్టు పెట్టింది.

సెలవుల తర్వాత అమ్మాయి అలమర ముందు కూలబడి ఏడ్చింది. ఎవరు కడగమన్నారని మా హెడ్డు గద్దించాడు. ఆయా నావైపు చూసింది. నేను నేలచూపులు చూశాను.

"నానే సూసుకోలేదు బాబూ, పాసి అనుకున్నాను" అంది ఆవిడే.

ఆ నెలతోనే ఆవిడని మాన్పించారు. స్ఫటికాలకేం, మూడు నెలల్లో మళ్లీ పెరిగాయి, ఇంకా పెద్దవి. గడువు కూడా పొడిగించారు.

రెండేళ్లకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం నిలబడితే ఆయా ఎండుచేపల బుట్టతో ఎదురైంది. "ఆ పాప సదువు అయిపోనాదా అమ్మా?" అని అడిగింది. అయిందని, ఉద్యోగం కూడా వచ్చిందని అంతా చెప్పాను, తప్పు నాదన్న ఒక్క ముక్క తప్ప.

ఇప్పుడా లాబులో ఆయాలు లేరు, ఏజెన్సీ మనుషులు నెలకొకరు మారతారట. మన రోజుల్లో పనివాళ్లు ఇంటిమనుషుల్లా ఉండేవారని నా తోటివాళ్లు మురిసిపోతుంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. ఇంటిమనిషిలా ఆవిడ నన్ను కాచింది, నేను ఆవిడని కాయలేదు.