తక్కెడమ్మ తప్పు తూకం

విమానాశ్రయం సరుకుల షెడ్డులో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. పదిహేనేళ్లుగా తూకం యంత్రం దగ్గరే ఉంది కనుక అందరికీ తక్కెడమ్మే. పెట్టెను చూసి బరువు చెప్పేస్తుంది. కిలో అటూ ఇటూ అయిందా, యంత్రాన్నే అనుమానిస్తుంది. ఆ మాత్రం గర్వం ఉంటే ఉండనివ్వండి. ఇప్పుడు ఆమె కన్ను విమానాల బరువు లెక్క చూసే ఆఫీసరు కుర్చీ మీద ఉంది. సోమవారం ఇంటర్వ్యూ. ఉద్యోగం వచ్చేసినట్టే భర్త చుట్టుపక్కలంతా చాటేశాడు కూడా.

శుక్రవారం మధ్యాహ్నం కోళ్ల ఫారం ఆవిడ ఆరు పెట్టెల్లో కోడిపిల్లల్ని తెచ్చింది. అవి గుడ్డులోంచి వచ్చి ఒక్కరోజే. తక్కెడమ్మ తూచింది: యాభై రెండు కిలోలు. ప్రయాణికులతో నిండిన ఆ సాయంత్రపు చిన్న విమానంలో ఇంకా పట్టేది ముప్పై అయిదే. ప్రాణమున్న సరుకును విడగొట్టి పంపకూడదు.

"రేపటి విమానానికే," అన్నాడు డ్యూటీ ఆఫీసరు.

"ఈ ఎండకి రేపటిదాకా సగం కూడా బతకవు సార్. ఇది నా మొదటి ఆర్డరు," అంటూ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

పెట్టెలను నీడలోకి జరుపుదామని తక్కెడమ్మ ఒకటి ఎత్తింది. తేలిగ్గా లేచింది. కింద బరువైన చెక్క పలక! దాంతో సహా తూచి, దాని బరువు తీసెయ్యడం మర్చిపోయింది. నిన్న చేరినవాళ్లు చేసే తప్పు. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. సోమవారం దగ్గర్లోనే ఉంది. ఒక్క క్షణం ఆమె నిజంగానే నోరు మెదపలేదు. ఆ తర్వాత చచ్చేంత సిగ్గేసింది.

"సార్, ఆగండి! తప్పు నాదే. మళ్లీ తూస్తాను."

ముప్పై కిలోలు!

"ఇది రిపోర్టులో రాయాల్సొస్తుందమ్మా. సోమవారం మీ ఇంటర్వ్యూ కదా?" అన్నాడు ఆఫీసరు ఇబ్బందిగా.

"రాయండి సార్. అసలు పేరే రాయండి, తక్కెడమ్మ అని కాదు."

కోడిపిల్లలు విమానమెక్కాయి. ఫారం ఆవిడ ఆమె చేతులు పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

సోమవారం ముగ్గురు అధికారుల ముందూ ఆ రిపోర్టే ఉంది.

"మీరు చెప్పకపోతే ఇది ఎవరికైనా తెలిసేదా?" అని అడిగాడు పెద్దాయన.

"తెలిసేది కాదండీ."

"మరి ఎందుకు చెప్పారు?"

ఇంటి దగ్గర బట్టీపట్టిన జవాబులన్నీ ఎగిరిపోయాయి. "లోపల పిల్లలు అరుస్తున్నాయండీ," అంది.

పెద్దాయన రిపోర్టు మూసి పక్కన పెట్టాడు. "ఎప్పట్నుంచి చేరతారు?" అన్నాడు.