కొట్టు లైట్లు ఆపమన్నది ఎవరు

నా చిన్నప్పుడు అద్దంకి బజారులో కొట్లు కట్టేసినా వెలుగు పోయేది కాదు. షట్టర్లు దించేశాక కూడా పైన బోర్డుల మీద ట్యూబ్‌లైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉండేవి. పొద్దున్నే పాలకు వెళ్తే ఎండలో వెలవెలబోతూ కనిపించేవి. వాటిని ఆపాలని ఎవరికీ తోచేది కాదు. బోర్డు వెలుగుతుంటేనే వ్యాపారం నిలబడి ఉన్నట్టు లెక్క.

మా తాతయ్య అక్కడొక రెండంతస్తుల బట్టల కొట్టులో పనిచేసేవాడు. పొద్దున తాళాలు తీసేదీ సాయంత్రం వేసేదీ ఆయనే. ఆ తాళాలగుత్తి నడుముకు దోపుకుని నడుస్తుంటే కొట్టు మాదేనేమో అనిపించేది నాకు. షావుకారు గారు ఆయన్ని నోరారా ‘బాబాయ్’ అని పిలిచేవారు. నేను కనిపిస్తే సీసాలోంచి చాక్లెట్ తీసి చేతిలో పెట్టేవారు. మా బంధువులేనని చాలాకాలం నమ్మాను.

ఒక ఏడు మిరప తోటలకు చివరి తడులు పెట్టే రోజుల్లో పొలాలకు కరెంటు కోతలు మొదలయ్యాయి. మోటారు ఎప్పుడు తిరుగుతుందా అని రైతులు పొలాల్లోనే కూర్చునేవాళ్ళు. బజారులో మాత్రం మనుషుల్లేని కొట్లు దేదీప్యమానంగా ఉండేవి. ఒక సాయంత్రం నేను తాతయ్యతో ఇంటికి వెళ్దామని కొట్టు దగ్గర నిలబడి ఉంటే, షావుకారు గారు కరెంటు బిల్లు చూసుకుని విసుక్కున్నారు.

“కట్టేసిన కొట్టుకు ఇన్ని లైట్లు ఎవరి కోసం బాబాయ్? రేపట్నుంచి పోయేటప్పుడు అన్నీ ఆపేసెయ్, బోర్డుతో సహా.”

బోర్డు ఆపితే జనం ఏమనుకుంటారోనని తాతయ్య నసిగాడు. నేను చెప్తున్నాగా, అన్నారాయన. మర్నాటి నుంచి తాతయ్య అన్నీ ఆపి, లోపల లక్ష్మీదేవి పటం ముందు చిన్న బల్బు ఒక్కటి ఉంచేవాడు. షట్టరు దించితే అది బయటికి కనిపించదు.

ఆ వారంలోనే షావుకారు గారు సరుకు కొనడానికి సూరత్ వెళ్ళారు. మా వైపు వ్యాపారి దివాలా తీసి కోర్టుకెక్కితే ‘ఐపీ పెట్టాడు’ అంటారు. బోర్డు ఆరింది, మనిషి ఊళ్ళో లేడు, పుకారు పుట్టడానికి ఇంకేం కావాలి? ఒక పొద్దున తాతయ్య కొట్టు తెరవడానికి వెళ్తుంటే, బడి అటేనని నేనూ వెంట వెళ్ళాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తొలి బస్సుకు దిగిన రైతులు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మిర్చి అమ్మిన డబ్బు షావుకారు దగ్గరే దాచుకున్నవాళ్ళు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“ఏం పెద్దాయనా, మీ షావుకారు ఐపీ పెట్టాడంటగా? ఎటు దాటించారు మనిషిని?”

సూరత్ వెళ్ళారని తాతయ్య ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఇంతలో ఆటోలోంచి బట్టల మూటలతో షావుకారు గారే దిగారు. జనాన్ని చూసి ఆయన ముఖం పాలిపోయింది. సంగతి విన్నాక గొంతు పెంచారు.

“ఐపీ ఏందయ్యా? ఈ ముసలాయన మతిమరుపుతో ఆపేసి పోయాడు. బోర్డు ఆపమని నేను చెప్తానా?”

అందరూ తాతయ్య వైపు తిరిగారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, ఇప్పుడు నిజం చెప్తాడని ఎదురుచూశాను.

“అవునండీ, నేనే ఆపాను. పొరపాటైంది” అన్నాడు తాతయ్య.

మా గుండెలు ఆగిపోయినయ్ గదా తాతా, అని ఎవరో ఎకసెక్కెమాడారు. నవ్వులు లేచాయి. జనం కదిలిపోయాక షావుకారు గారు తాతయ్య ముఖం చూడకుండా చెయ్యి చాపి తాళాలు అడిగారు. అవి తీసుకుని ఇంకో గుమస్తాకిచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, ఎందుకు చెప్పలేదని తాతయ్యను నిలదీశాను.

“ఆయనే ఆపమన్నాడంటే బిల్లు కట్టలేక ఆపమన్నాడంటారే అమ్మా. ఆ పూటే అందరూ మీద పడితే కొట్టు పోయేది. అందులో బతికేవాళ్ళంతా ఏమైపోవాలి?” అన్నాడు. కొంత దూరం నడిచాక నెమ్మదిగా, “జనం పోయాకైనా లోపలికి పిలిచి ఒక్క మాట అంటాడనుకున్నా” అన్నాడు.

ఆ మాట రానేలేదు. తాతయ్య ఆ కొట్టులోనే బట్టలు మడతపెడుతూ ఇంకా కొన్నేళ్ళు పనిచేశాడు. ‘బాబాయ్’ అన్న పిలుపు మళ్ళీ వినలేదు. మనిషి అడుగుపెట్టని పై అంతస్తులో కూడా లైట్లు తెల్లవార్లూ వెలిగేవి.

ఇప్పుడు నాకూ జాకెట్లు కుట్టే ఒక చిన్న కొట్టుంది, సాయం ఒక పిల్ల. కట్టేసేటప్పుడు బోర్డుతో సహా అన్నీ ఆపిస్తాను. మొన్న మా కొట్టున్న దుకాణాల సముదాయం యజమాని, వరండా అంతా చీకటి చేస్తున్నావని ఆ పిల్లను కేకలేస్తుంటే నేను బయటికొచ్చాను. ఆపమన్నది నేనండీ, ఏదైనా ఉంటే నన్నడగండి, అన్నాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు, అంతే. ఇంత తేలికైన మాట. నలుగురిలో అనలేకపోతే, తలుపు చాటునైనా అనొచ్చు. అందుకే షావుకారు గారి మీద నా కోపం ఇన్నేళ్ళకీ చల్లారలేదు.