ఆడిటర్ గారి ఫ్లెక్సీ మీద తెల్ల కాగితం

వృత్తి గౌరవాన్ని సంరక్షించు సంబంధిత అధికారులందరి సముఖానికి: సూరత్‌లో మన తెలుగు నేతవాళ్లుండే లింబాయత్‌లో, మా గల్లీ ఆడిటర్ గారు పోయిన సోమవారం గుండెపోటుతో కన్నుమూశారని విచారంతో తెలియజేస్తున్నాము. ఈ సమాచారం వెనక ప్రచారోద్దేశం ఏదీ లేదు.

ఆడిటర్లు తమను తాము ప్రకటించుకోరాదన్న నియమాన్ని ఆయన మడిలా పాటించారు. ఆయన ఆఫీసు బోర్డు ఎంత చిన్నదంటే, కొత్తవారు పక్కనున్న టీ కొట్టులో వాకబు చేసి, మొహమాటానికి ఒక టీ తాగి మెట్లెక్కేవారు. టీ కొట్టు బాగా వృద్ధి చెందింది. పెళ్లిళ్లలో ఎవరైనా వృత్తి అడిగితే, "లెక్కలు చూస్తుంట" అని, వెంటనే పప్పు బాగుందనేవారు.

నాకు పన్ను నోటీసు వచ్చిన రోజు, దాన్ని విప్పకముందే నేను భోంచేశానా లేదా అని విచారించారు. నోటీసుల చరిత్రలో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆయనొక్కరే.

ఒక వినాయక చవితికి, మరమగ్గాలు నడిపే మా వీధి సేటు మండపం పక్కన ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు: 'మా సార్, సూరత్ నంబర్ వన్.' ఆడిటర్ గారు నిచ్చెన, మైదా జిగురు తెప్పించి, అక్షరాల మీద తెల్ల కాగితం అతికించారు.

"ఏంది సార్ గిది? ఇజ్జత్ ఇస్తే కాగితం పెడ్తరా?"

"ఇజ్జత్ మనసుల పెట్టుకో సేటూ. గోడకు కడితే నా లైసెన్స్ పోతది."

"మరి గణపతి ఫొటో ఉన్నది గద?"

"ఆయన ప్రాక్టీసు చేస్తలేడు."

ఈసారి సేటు కట్టించింది సంతాపపు ఫ్లెక్సీ. పాత మాటే, కింద ఆఫీసు ఫోన్ నంబరు అదనం. ఆ ఆఫీసు ఇప్పుడు కూతురిది. ఆమె కూడా ఆడిటరే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రమాదం ఆమె ప్రాక్టీసుకు.

"సార్ పోయినంక గూడ రూల్ ఉంటదా బిడ్డా?"

"బాపుకు లేదు కాకా. నాకుంటది. నిచ్చెన జర గట్టిగ పట్టు."

సేటు ముఖం పక్కకు తిప్పుకునే పట్టుకున్నాడు. కూతురు, తండ్రి ముఖానికి అడ్డం రాకుండా, ఆ మాట మీదా ఫోన్ నంబరు మీదా తెల్ల కాగితం అతికించింది. కాగితం అంచులు తిన్నగా వచ్చాయి.

నిన్న వాన పడింది. తడిసిన కాగితం వెనక నుంచి 'నంబర్ వన్' మెల్లగా బయటపడింది. సేటు గొడుగు కింద నిలబడి దాన్ని చదువుకున్నాడు. కూతురు ఆఫీసు కిటికీలోంచి చూసింది. నిచ్చెన తెప్పించలేదు.

కావున సమర్పించుకుంటున్న డిమాండు:

1. సదరు వానను ఆమె నియమించలేదని నమోదు చేసుకుని, కాగితం ఆరేదాకా ఆ ముఖాన్నీ, ఆ మాటనూ గోడ మీద ఉండనివ్వవలెను.