పగలు నిద్రపోయే ఇల్లు

పాల్వంచ కాలనీలో నైట్ షిఫ్ట్ వాళ్ల ఇళ్లు పగలు చప్పుడు చేయవు. జోజమ్మ ఇల్లు మరీను. భర్త డేవిడ్ పడుకున్నాడంటే కుక్కర్ పెట్టదు. ఫోన్ సైలెంట్‌లో ఉంచుతుంది.

పిల్లల్లేని ఆ ఇంటికి, తల్లిదండ్రులు పోయిన బాలి పెంపకానికి వచ్చింది. ఏన్కూరు దగ్గరి తండా పిల్ల. తమ్ముడు బిచ్యాను ఖమ్మంలో మగపిల్లల హోంలో ఉంచారు. అక్కడ పిల్లలకు ఫోన్ ఇచ్చేది ఆదివారం మధ్యాహ్నమే. బిచ్యా చేసిన మిస్డ్ కాల్స్ జోజమ్మ చూసేది. మొదట్లో డేవిడ్ నిద్ర కోసం వదిలేసింది. తర్వాత, తమ్ముడితో మాట్లాడితే పిల్ల మనసు ఇంట్లో నిలవదని వదిలేసింది. ఇల్లు చూడటానికి వచ్చిన అధికారితో, “వాడెన్నడూ ఫోన్ చెయ్యలే సార్, ఈ పిల్లా అడగదు” అంది.

ఇద్దరినీ ఒకే ఇంట్లో పెంచాలని లీగల్ ఎయిడ్ వకీలు సరళ బాలల సంక్షేమ కమిటీకి అర్జీ పెట్టింది. అక్కాతమ్ముళ్లకు మాటల్లేవన్న ఆ అధికారి నివేదికే ఆమెకు అడ్డం.

విచారణలో ఆమె బిచ్యాను అడిగింది.

“అక్కకు ఫోన్ చేస్తవా?”

“ప్రతి ఐతారం చేస్త. ఎత్తరు.”

“ఎత్తితే ఏమడుగుతవ్?”

“చెప్పులు కొన్నరా అని. తండాల నావే ఏసుకునేది.”

“నీవి నాకెట్ల పడ్తయిరా, పొట్టోడా!” అంది బాలి. అందరూ నవ్వారు.

కమిటీ చైర్‌పర్సన్ మేడం, ఫోన్ ఎందుకెత్తలేదన్నట్టు జోజమ్మ వైపు తిరిగింది. జోజమ్మ నోరు తెరవకముందే బాలి లేచింది.

“అమ్మ తప్పు లేదు మేడం. నేనే ఎత్తలే. వాడు నాకు యాదికే రాలే.”

బిచ్యా నవ్వు ఆగిపోయింది. ఈ మాట రికార్డయితే అర్జీ అక్కడికి ముగిసినట్టే. జోజమ్మ తల ఎత్తలేకపోయింది. తనింట్లో మడమ ఆనకుండా నడవడం నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు తన పరువు కోసం తమ్ముణ్ని వదులుకుంటోంది.

“అది రాయకుండ్రి మేడం. ఫోన్ దాని చేతికే ఇయ్యలే. నేనే.”

“ఏందే, అందరి ముంగట గిట్ల?” డేవిడ్ గొణిగాడు.

“ఎవరి నిద్రకని నీకు తెల్వదా?”

“ఇద్దర్నీ మీరే పెంచుతారా?” అడిగింది మేడం.

డేవిడ్ గోడ వైపు చూశాడు. జోజమ్మ మెల్లగా తల అడ్డంగా ఊపింది. ఆడపిల్లయితేనే పెంచుకుంటామని దరఖాస్తు పెట్టింది ఆమే.

ఇల్లందు దగ్గర హాతీరాం, జమ్లి దంపతులు ఇద్దరినీ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారని సరళ చెప్పింది. కమిటీ ఒప్పుకుంది.

వరండాలో బాలి జోజమ్మ కొంగు పట్టుకుంది.

“నేను సక్కగ చెప్పలేదా అమ్మా? అందుకే పంపిస్తున్నవా?”

పక్కనే బిచ్యా నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు.